బూత్ నంబర్ 202

తుమ్మలపల్లె యురేనియం గని పక్క ఊళ్లో ఒక అయ్యవారున్నారు. రిటైరై చాలా ఏళ్లయింది. సర్వీసంతా ఎన్నికల డ్యూటీలు చేసిన మనిషి. బ్యాలెట్ పెట్టెలూ చూశారు, ఓటింగ్ యంత్రాలూ చూశారు. 2024 జూలైలో ఒక సాయంత్రం వాళ్ల అరుగు మీద మాట మాచర్ల పోలింగ్ గొడవ వైపు మళ్లింది.

"పెట్టెల కాలంలో పదిమంది లోపలికొస్తే అర్ధగంట పనప్పా. కట్టలకు కట్టలు గుద్ది, మడిచి, పెట్టెలో ఏసి పోతాండ్రి. మేం గోడకానుకోని నిలబడుకోవాల్సిందే" అన్నారు.

ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదివే మనవడు అందుకున్నాడు. "వచ్చినోళ్లను మిషన్ ఆపలేదు తాతా. కానీ వాళ్లకు టయిం చిక్కనీదు."

వాడు చెప్పింది నిజం. అధికారి కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటన్ నొక్కితే ఒక్క ఓటుకే వీలు. నిమిషానికి ఐదుకు మించి పడవు. వంద ఓట్లు గుద్దాలంటే ఇరవై నిమిషాలు. ఆలోపు పోలీసు జీపు రావచ్చు. ఇంకా ముదిరితే అధికారి క్లోజ్ బటన్ నొక్కేయొచ్చు, ఆపైన ఎంత నొక్కినా ఓటు పడదు. శిక్ష వేయడం చట్టం పని. ప్రజాప్రాతినిధ్య చట్టం 135ఏ సెక్షన్ కింద బూత్ ఆక్రమణకు ఏడాది నుంచి మూడేళ్లు జైలు. అదే పని ప్రభుత్వోద్యోగి చేస్తే మూడు నుంచి ఐదేళ్లు. సీమ పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ యంత్రం, ఈ చట్టం రెండూ ఎందుకు కావాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక మాచర్ల. 2024 మే 13, పోలింగ్ రోజు. రెంటచింతల మండలం పాల్వాయి గేటు, 202వ నంబరు పోలింగ్ కేంద్రం. సిట్టింగ్ ఎమ్మెల్యే పిన్నెల్లి రామకృష్ణారెడ్డి యంత్రాన్ని ధ్వంసం చేయడం వెబ్ కెమెరాలో రికార్డయిందని ఎన్నికల సంఘమే ప్రకటించింది. నేరం తేల్చాల్సింది కోర్టు. మే 21న వీడియో బయటికి రాగానే దేశమంతా చూసింది.

"నేలకేసి కొట్టినా ఓట్లు పోలా తాతా! చిప్‌లో భద్రంగా ఉండాయి. వేరే మిషన్ పెట్టి పోలింగ్ నడిపినారు. రీపోలింగ్ కూడా అక్కర్లా" అన్నాడు మనవడు. వాడి గొంతులో గర్వం నాకూ నచ్చింది. అంత దెబ్బకూ ఒక్క ఓటు చెదరలేదంటే ఆ యంత్రం చేసినవాళ్లకు దండం పెట్టాల్సిందే.

"మరి లోపలున్న సిబ్బంది?"

"సస్పెండ్ చేసినారు."

అయ్యవారు చాలాసేపు మాట్లాడలేదు. అలాంటి గదుల్లో కూర్చున్న మనిషి కదా. ఓటుకు కాపలాగా చిప్ పెట్టాం, కెమెరా పెట్టాం. సాయంత్రం ఆ ఊరు దాటి ఇంటికి వెళ్లాల్సిన ఉద్యోగికి ఏ కాపలా పెట్టామో నాకైతే తోచలేదు.

"మొదట పెట్టిన కేసులో ఏమని రాసినారు?" అని అడిగారు చివరికి.

మనవడు ఫోన్లో వెతికాడు. మే 15 నాటి ఫిర్యాదు. "గుర్తుతెలియని వ్యక్తులు అని ఉంది. ఎమ్మెల్యే పేరు ఆ తర్వాత చేర్చినారు."

"ఆయప్ప ఆడ ఎన్ని తూర్లు గెలిచినాడు?"

మనవడు వేళ్లు మడిచాడు. 2009, 2012, 2014, 2019.

"నాలుగు తూర్లు తాతా."