గెలిచేవాడికే ఓటా?

మా రోజుల్లో ఓటేసి వచ్చినవాణ్ణి "ఎవరికేశావ్?" అని అడగడం మర్యాద కాదు. మా నాన్న ఎవరికేశాడో మా అమ్మకి తెలియదు, అమ్మ ఓటు సంగతి నాన్నకీ తెలియదు. తెలుసుకోవాలని ఇద్దరూ ఏనాడూ ప్రయత్నించలేదు. ఇప్పుడో! పోలింగ్ ఇంకా నెల ఉందనగానే మా మనవడి వాట్సాప్ స్టేటస్‌లో జెండా, బండి నంబరు ప్లేటు మీద నాయకుడి ఫోటో. ఇంకా నామినేషన్లే పూర్తి కాలేదు, వీడి ఓటు మాత్రం పడిపోయింది.

నామినేషన్లు పూర్తయ్యాక "ఒరే, మన నియోజకవర్గంలో ఎంతమంది నిలబడ్డార్రా?" అని అడిగాను.

"ఇద్దరు తాతయ్యా" అన్నాడు.

ఇద్దరేమిటి నా మొహం! బ్యాలెట్ యూనిట్ మీద ఉండే పదహారు మీటల్లో సగానికి పైగా నిండాయి. అదే చెప్పాను. "మిగతావాళ్లు ఎలాగూ గెలవరు కదా, వాళ్లకేస్తే ఓటు వేస్టు" అన్నాడు. వాడొక్కడే కాదు, ఇంజనీరింగు చదివినవాడూ, ఆటో తోలేవాడూ, పాలకేంద్రం దగ్గర క్యాను పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషీ అందరిదీ ఇదే మాట. ఎవడు మంచివాడు అన్న ప్రశ్న ఎటుపోయిందో తెలియదు. ఎవడు గెలుస్తాడు అన్నదొక్కటే మిగిలింది. గెలిచేవాడెవడో జోస్యం చెప్పడానికైతే ఓటెందుకు, చిలకజోస్యం సరిపోదూ?

నాది సత్తెనపల్లి తాలూకా. నా మొదటి ఓటు 1967లో. అప్పట్లో ఓటుహక్కుకి ఇరవై ఒక్కేళ్లు నిండాలి. 1989లో దాన్ని పద్దెనిమిదికి దించారు, మంచిదే. 1967లో రాష్ట్రంలో అధికారం కాంగ్రెసుది, గుర్తు కాడెద్దులు. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారిది మా పక్కనే నరసరావుపేట ప్రాంతం. గాలి చూసుకుని ఓటేసే జనమైతే మేం కళ్లు మూసుకుని ముద్ర ఎక్కడ గుద్దాలి? కానీ సత్తెనపల్లిలో గెలిచింది స్వతంత్ర అభ్యర్థి వావిలాల గోపాలకృష్ణయ్యగారు. అది ఆయనకి మొదటి గెలుపు కాదు, నాలుగోది. 1952, 1955, 1962లలోనూ ఆయన్నే పంపాం. ఖద్దరు బట్ట తప్ప ఆడంబరం లేని మనిషి. నాగార్జునసాగర్ కోసం పోరాడాడు, తెలుగు అధికార భాష కావాలని పట్టుబట్టాడు. ఆయన మంచితనం మాకు ఎవరూ సర్వే చేసి చెప్పలేదు, ఊళ్లోకి వచ్చినప్పుడు చూశాం, మాట్లాడాం, ఎదురు ప్రశ్నలు వేశాం. అదే 1967లో విశాఖపట్నం వాళ్లు తెన్నేటి విశ్వనాథంగారిని స్వతంత్రుడిగానే లోక్‌సభకి పంపారు. నేను ఎవరికేశానంటారా? చెప్పను. చెప్పడం మర్యాద కాదన్నానుగా.

మీ కాలమంతా బంగారమేనా అని మా మనవడు దెప్పుతాడు. కాదు. ఊరి మునసబో, పెద్ద రైతో ఒక గుర్తు చెబితే పేట పేటంతా గుత్తగా దానికే వేసిన ఊళ్లు నేనెరుగుదును. కాదన్న కూలివాడికి మర్నాడు పని ఉండేది కాదు. కులపెద్ద కబురంపితే అరుగు మీద కూర్చున్న నలుగురూ తలూపేవాళ్లు. నలుగురితో నారాయణా అనే సామెత ఊరికే పుట్టలేదు. కానీ ఆ గుంపు వెనక భయం ఉండేది, ఆకలి ఉండేది. బూత్‌లో తెర వెనక్కి వెళ్లాక ఆ భయాన్ని మోసం చేసి, తనకి నచ్చిన గుర్తు మీద ముద్ర వేసి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చిన కూలివాళ్లూ ఉన్నారు. మరి ఇప్పటి పిల్లవాణ్ణి ఎవరు బెదిరించారు? నెలకి లక్ష జీతం, సొంత ఫ్లాటు. వాడు తనంతట తానే మందలో కలిసి, పైగా గర్వపడుతున్నాడు. నా కోపమంతా అక్కడే.

మనవాళ్లకి గాలి కొత్త కాదు. 1977లో ఉత్తరాది మొత్తం కాంగ్రెసుని ఊడ్చిపారేస్తే మన రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. జనతా తరఫున నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే గట్టెక్కారు. దేశానికి ఎదురీదామని చంకలు గుద్దుకున్నవాళ్లున్నారు. 42లో 41 ఒకే వైపు పడితే అది ఎదురీతా, ఇంకో మందా? తర్వాత 1983. పెట్టి తొమ్మిది నెలలే అయిన పార్టీతో, చైతన్యరథమెక్కి ఎన్టీ రామారావుగారు 200 సీట్లు దాటేశారు. ఆ గాలిలో ఆయన పక్కన నిలబడ్డవాడెవడో కూడా చూడకుండా గెలిపించాం. కానీ 1989 చూడండి. అదే రామారావుగారు హిందూపురం, కల్వకుర్తి రెండు చోట్లా నిలబడ్డారు. ఈసారి గాలి కాంగ్రెసుది. హిందూపురం గాలిని లెక్కచేయకుండా ఆయన్ని గెలిపించింది. కల్వకుర్తి దేవుడి వేషాలకి చేతులు జోడించి, ఓటు మాత్రం చిత్తరంజన్‌దాస్‌కి వేసింది. ముఖ్యమంత్రినే ఇంటికి పంపిన ఓటరు ఎవరినీ అడిగి వెయ్యలేదు.

ఇప్పటి గాలి పెనుగాలి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 175కి 151 సీట్లు ఇచ్చిన పార్టీకి 2024లో 11 మిగిల్చారు. ప్రభుత్వం నచ్చకపోతే దింపెయ్యండి, కాదన్నదెవరు? కానీ ఊళ్లోకి ఎప్పుడూ రానివాడూ, రోజూ వచ్చినవాడూ ఒకే ఊపులో గెలవడం, ఒకే ఊపులో ఓడడం ఏమిటి? మేం ఓటేసేది ఎమ్మెల్యేకా, హోర్డింగు మీది బొమ్మకా? మొన్న 2024లో హైదరాబాదు నుంచి కుర్రాళ్లు బస్సుల్లో నిలబడి, టోల్‌గేట్ల దగ్గర గంటలు గంటలు పడిగాపులు కాసి మరీ ఊళ్లకొచ్చి ఓటేశారు. ఆ ఓపికకి దణ్ణం పెడతాను. అందులో పావు ఓపిక అభ్యర్థి ఎవరో చూసుకోవడంలో పెట్టి ఉంటే ఇంకో దణ్ణం పెట్టేవాణ్ణి.

చూసుకోవడం ఇప్పుడెంత సుళువో! మా కాలంలో అభ్యర్థి ఆస్తి ఎంతో, మీద కేసులెన్నో ఎవడికీ తెలిసేది కాదు. సుప్రీంకోర్టు పుణ్యమా అని 2003 నుంచి ప్రతివాడూ ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు అఫిడవిట్‌లో రాసి ఇవ్వాల్సిందే. ఎన్నికల సంఘం వాటిని అందరూ చూసేలా ఫోన్‌లోనే పెడుతోంది. పిల్లనిచ్చేటప్పుడు ఏడు తరాల కూపీ లాగేవాళ్లు, ఐదేళ్లు నెత్తినెక్కించుకునేవాడి నాలుగు పేజీలు చదవరు. అదే ఫోన్‌లో ఎగ్జిట్ పోల్స్ చూస్తారు, బెట్టింగులు కాస్తారు. పందెం ఎటు కాశాడో ఓటూ అటే వేసినవాడు మా వీధిలోనే ఉన్నాడు. డబ్బు పోకూడదట!

ఇక డబ్బు కవర్ల సంగతి. పోలింగ్ ముగిసే వేళకి 48 గంటల ముందే ప్రచారం ఆపెయ్యాలని చట్టం చెప్పింది, ఓటరు ప్రశాంతంగా ఆలోచించుకోవాలని. సరిగ్గా ఆ రెండు రాత్రులే కవర్లు తిరుగుతాయి. 2021లో హుజూరాబాద్ ఉపఎన్నిక అప్పుడు మాకు కవరు అందలేదని కొందరు రోడ్డెక్కారు. ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టాను, మళ్లీ ముట్టుకోబుద్ధి కాలేదు.

ఇంతకీ ఆలోచించే ఓటరు చచ్చిపోయాడని నేననడం లేదు. 1996లో నల్లగొండ లోక్‌సభకి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన జనం, గెలుస్తామని కాదు, తమ గోడు దేశం వినాలని నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2019లో నిజామాబాదులో 185 మంది నిలబడ్డారు, అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. వాళ్లలో ఒక్కడూ గెలవలేదు. కానీ వాళ్లు అడిగిన పసుపు బోర్డు అక్కడ 2025 జనవరిలో మొదలైంది. వాళ్లకి పడ్డ ఓట్లు వేస్టని ఇప్పుడు చెప్పమనండి మా మనవణ్ణి.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒకటే. ఓడిపోతాడని తెలిసినా, మనిషి మంచివాడనిపిస్తే వెయ్యండి. అసెంబ్లీకి నిలబడాలంటే పదివేలు డిపాజిట్ కట్టాలి. చెల్లిన ఓట్లలో ఆరోవంతుకి మించి వస్తే అది తిరిగిస్తారు. డిపాజిట్ దక్కినవాడు మళ్లీ ఐదేళ్లకి నిలబడతాడు. పోయినవాడు ఇంక రాడు.