ఎఫ్ వరస కుర్చీ చెప్పే టాక్

సినిమా ఎలా ఉందో తెలుసుకోవాలంటే చూసొచ్చినవాడి నోటిని నమ్మకండి, వాడి నడుమును అడగండి. నోరు మొహమాటపడుతుంది, గొప్పలకు పోతుంది, పక్కవాడు ఏమంటాడోనని ఆగుతుంది. నడుముకు అవేమీ తెలియవు. బొమ్మ బాగుంటే ముందుకు వంగుతుంది, విసుగేస్తే కిందికి జారుతుంది, మరీ భరించలేకపోతే లేచి క్యాంటీనుకు పోతుంది. నేను సినిమా హాలు కుర్చీని. నా అభిప్రాయాలన్నీ ఇలా పోగుచేసుకున్నవే.

పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. ఇనప కాళ్లు, చెక్క చేతులు, కొబ్బరిపీచు కూరిన సీటు, పైన ముదురెరుపు రెక్సిను. మనిషి లేవగానే సీటు దానంతటదే పైకి మడుచుకునేది. ముగ్గురేసి చొప్పున మమ్మల్ని ఒకే పట్టీకి బిగించి, గోదావరి కాలవ పక్క ఊళ్లో కొత్తగా కట్టిన హాల్లో దించారు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని నాలుగు తరగతులు. మాది మూడోది. నేలవాళ్లు ఈలలేసి తీర్పు చెప్పేవాళ్లు, బాల్కనీవాళ్లు పెదవి విరిచి చెప్పేవాళ్లు. మధ్యలో ఉన్న మావాళ్లు హాల్లో ఒకటి అనుభవించి, బయటికెళ్లి ఇంకొకటి చెప్పేవాళ్లు.

నా తొలినాళ్ల గర్వమంతా 1977 సంక్రాంతిది. 'దానవీరశూరకర్ణ' వచ్చింది. ఎన్టీ రామారావుగారే దర్శకుడు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ ఆయనే. నిడివి నాలుగు గంటలకు కాస్త తక్కువ. అంతసేపు మనిషిని మోయడం మాటలు కాదనుకుని భయపడ్డాను. తీరా చూస్తే దుర్యోధనుడు కొండవీటి వెంకటకవిగారి డైలాగులు అందుకున్నప్పుడల్లా నా మీది బరువు సగమైపోయేది. జనం నా మీద ఆనితే కదా! అందరూ అంచుకొచ్చి వేలాడుతున్నారు. ఆ తర్వాత రెండు గంటల సినిమాలు చాలా చూశాను. వాటిలో కొన్నిటికి మొదటి అరగంటలోనే కాలు మీద కాలు మార్చి మార్చి నా బోల్టులు వదులు చేశారు. అప్పట్నుంచి ఎవరైనా "సినిమా బాగుంది గానీ లెంగ్తు ఎక్కువైంది" అంటే నేను ఒప్పుకోను. బాగున్నదానికి లెంగ్తు ఎక్కువవదు.

1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు ముచ్చట వేరు. మొదట్లో హాలు వెలవెలబోయింది. "హీరో ముసలాయనటగా, అంతా సంగీతమేనట" అని గేటు దగ్గరే సగంమంది వెనక్కి తిరిగారు. ఆ ముసలాయన సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి, అప్పటికి జనానికి తెలిసిన మొహం కాదు. కానీ వచ్చిన ఆ కొద్దిమందీ పాట మొదలైతే బీడీకి లేవలేదు. పాట రాగానే హాలు సగం ఖాళీ అవడం అలవాటైన నాకు ఇది వింత. వాళ్లు ఇంటికెళ్లి ఏం చెప్పారో గానీ, కొద్దిరోజులకే హౌస్‌ఫుల్ బోర్డు బయటికి తీశారు. అప్పటికి పోస్టరు చేయలేని పని వీధి అరుగు చేసిందన్నమాట. టాక్ అంటే ఏమిటో ఆ వారమే నాకు అర్థమైంది.

1989లో 'శివ' వచ్చింది. హీరో సైకిల్ చైను లాగిన క్షణాన నా చెక్క చేతిని ఒకాయన ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్ల గుర్తులు పడ్డాయి. ఆయనొక బడిపంతులు. ఆట వదిలాక అందరితో ఆయన అన్న మాట: "రౌడీ సినిమా. పిల్లలు చెడిపోతారు." మర్నాడు సెకండ్ షోకి మళ్లీ వచ్చాడు, పిల్లల్ని తీసుకురాకుండా.

పండగ అల్లుళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మామగారు పక్క కుర్చీలో, అల్లుడుగారు నా ఒళ్లో. ఇంటర్వెల్ దాకా బూరెల నిద్ర. లైట్లు వెలగ్గానే "ఎలా ఉందండీ అల్లుడుగారూ?" అంటే, "చాలా బాగుందండీ మావయ్యగారూ, ముఖ్యంగా సెంటిమెంటు" అనేవాడు. ఆ సినిమాలో సెంటిమెంటు ఉన్నది సెకండాఫ్‌లో.

ఇన్ని తీర్పులు మోసినదాన్ని కదా, నన్నెలా చూసుకున్నారో కూడా వినండి. హీరో తెర మీదికి రాగానే నా మీదెక్కి ఎగిరేవాళ్లు. అది అభిమానం, సర్దుకున్నాను. బోరు కొట్టినవాడు బ్లేడు తీసి రెక్సిను కోసేవాడు. డైరెక్టరు మీది కోపం నా మీద ఎందుకు? కిళ్లీ ఉమ్ములు, పల్లీ తొక్కలు, బీడీ చురకలు, సందుల్లో ఇరికించిన పకోడీ పొట్లాం కాగితాలు అన్నీ నాకే. కోసినచోట పీచు బయటికొస్తే యజమాని గోనెగుడ్డ ముక్క కుట్టించాడు, అంతే. ఆ సందుల్లో నల్లులు కాపురం పెట్టాయి. "బొమ్మ బాగానే ఉంది గానీ నల్లులు చూడనిస్తేగా!" అని జనం తిట్టుకుంటూ పోయేవాళ్లు. నల్లులు కుడుతున్నా ఆఖరిదాకా కూర్చోబెట్టిన సినిమాలే నా దృష్టిలో అసలు హిట్లు.

తర్వాత బస్సులో ఫిల్ము పెట్టెలు రావడం మానేశాయి, బొమ్మ ఉపగ్రహం మీంచి దిగడం మొదలైంది. పక్క పట్నంలో వెనక్కి వాలే మెత్తటి సీట్ల మల్టీప్లెక్సు లేచింది. మా హాల్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 2020 మార్చిలో కరోనాకు తలుపులు మూశారు. దేశమంతా మూశారు గనక అందరితోపాటు తెరుస్తారనుకున్నాం. తెరవలేదు. చీకట్లో ఎలుకలు నా పీచు లాక్కెళ్లి గూళ్లు కట్టుకున్నాయి. వానకు కప్పు కారింది, కాళ్లు తుప్పు పట్టాయి. ఎదురుగా తెల్లతెర చిరిగి వేలాడుతోంది. మూడు తరాలను మోసినవాళ్లం, ఒక్కరైనా వచ్చి చూస్తారేమోనని ఆశపడ్డాం. వచ్చినవాళ్లు టేపులు పట్టుకుని గోడలు కొలిచి పోయారు. హాలు ఫంక్షన్ హాలైంది. పెళ్లికి తెల్లగుడ్డ కప్పిన ప్లాస్టిక్ కుర్చీలు కావాలట, మేం పనికిరామట. వరసలు ఊడబెరికి పెరట్లో పారేస్తే, ఒక టీ బంకు ఆయన మా ముగ్గురినీ తెచ్చి వేపచెట్టు కింద వేశాడు.

ఇక్కడ తెర లేదు గానీ తీర్పులకు కొదవలేదు. ట్రైలరు చూసే "పోయిందిరా" అనేస్తారు. ఫోనులో పాటలు దాటేసి, ఫైట్లు దాటేసి, "కథ లేదు బ్రో" అంటారు. 2010లో పోయిందన్న 'ఆరెంజ్'ను 2023లో మళ్లీ వేస్తే హాళ్లు నిండాయని ఇక్కడే విన్నాను. సినిమాలో ఒక్క సీనూ మారలేదు. చూసేవాళ్లే మారారు. 'బలగం' గురించి ఓ బావ, బామ్మర్ది మాట్లాడుకోవడమూ విన్నాను. "ఏముంది బావా, చావింట్లో కథేగా, పర్లేదు" అన్నాడు బామ్మర్ది. అంటూనే మొదలుపెట్టి, పిండాన్ని కాకి ముట్టని ఘట్టం చెప్పేసరికి నా అంచుకొచ్చి కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది. పర్లేదన్న సినిమాకు ఎవరి టీ చల్లారదు.

మొన్న పాత సామాన్లవాడు వచ్చాడు. నా మీద కూర్చుని, కాళ్లు తట్టి, రెక్సిను నొక్కి, "ఫ్రేము బాగుందన్నా, లోపల సరుకు లేదు. కిలో లెక్కన ఇచ్చెయ్" అన్నాడు. ఎన్నో సినిమాలు పడ్డ మాటే నేనూ పడ్డాను. బేరం కుదరలేదు. కుదరకపోయినా రెండో టీ చెప్పి, పండక్కి వచ్చే సినిమాల మీద వాదన పెట్టుకుని, అరగంటపాటు అటూ ఇటూ కదలకుండా కూర్చున్నాడు. నోటితో వాడు ఏమన్నా అననీ, ఆ అరగంటే నా టాక్. హిట్టు.