మిగతావన్నీ మెల్లిగా: ఒక వియ్యంకుడి వాక్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ ప్రాంతపు కొలిచారం. కుమారసంభవం ఆరో సర్గలో సప్తర్షులు పెళ్ళిపెద్దలుగా వెళ్తారు. హిమవంతుడు ముహూర్తం ఎప్పుడని అడిగితే మూడు రోజుల తర్వాతని చెప్పి లేచిపోతారు. హాలు దొరుకుతుందా అని ఆయన అడగడు, వంటవాళ్ళ మాట వాళ్ళు ఎత్తరు. సూరిగారికి ఆ చోట కలం ఆపి నిట్టూర్చే పని పడలేదు. మనకు పడింది.

మూలం: "ముహూర్తం కుదిరింది కదా బావగారూ, మిగతావన్నీ మెల్లిగా చూసుకుందాం లెండి!"

ప్రతిపదార్థం: బావగారూ = ఓ వియ్యంకుడా; ముహూర్తం = సుముహూర్తము; కుదిరింది కదా = పురోహితుని నోట స్థిరపడెను గదా; మిగతావన్నీ = హాలు మొదలు అప్పగింతల దాకా గల సమస్తమును; మెల్లిగా = ఎప్పుడో; చూసుకుందాం = ఎవరో ఒకరు చూచెదరు గాక; లెండి = ఈ ప్రసంగము ఇంతటితో చాలును.

తాత్పర్యం: హాలుకు అడ్వాన్సు ఎవరూ కట్టలేదని భావము.

వ్యాఖ్య: తాంబూలాలు మార్చుకున్నాక, కాఫీ గ్లాసులు ఇంకా తియ్యకముందు పుట్టిన వాక్యమిది. వక్త ఎవరన్న దాని మీద వివాదముంది. ఆడపిల్ల తండ్రి అని ఒక పక్షం. ఖర్చు తనది కానివాడే ఇంత నిశ్చింతగా మాట్లాడగలడు గనుక మగపెళ్ళివారి పెద్దే అని రెండో పక్షం. చాలా ఇళ్ళలో పెళ్ళి ఆడపెళ్ళివారిదీ, రిసెప్షన్ మగపెళ్ళివారిదీ. ఈ మధ్య సగం సగం అనుకునేవారూ ఉన్నారు. ఏదైనా సరే, గంట కిందటి దాకా "ఏవండీ" అని పిలుచుకున్నవాళ్ళు "బావగారూ" దాకా వచ్చిన ఆ ఘడియలోనే తేల్చుకోవాలి. ఆ తర్వాత మొహమాటం అడ్డొస్తుంది, ఇంకా తర్వాత కోపం అడ్డొస్తుంది.

ఇక ముహూర్తం. పంచాంగమే ముహూర్తం పెడుతుందని పూర్వపక్షం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పనికిరావు. గురువో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కనపడకుండా పోతే మౌఢ్యం, అదీ పనికిరాదు. వధూవరులిద్దరూ ఇంటికి పెద్దపిల్లలైతే జ్యేష్ఠమూ కూడదంటారు. ఇన్ని తీసివేతల తర్వాత మిగిలిన ఆ కాసిని తేదీలే రెండు రాష్ట్రాల్లోని పెళ్ళిళ్ళన్నిటికీ దిక్కు. అందుచేత మీకు కుదిరిన రాత్రే ఊళ్ళో సగంమందికి కుదురుతుంది. పురోహితుడు, సన్నాయి మేళం, ఫొటోగ్రాఫరు, వంటమాస్టరు అందరూ ఆ రాత్రికే కావాలి. ముహూర్తం పెట్టేది ఫంక్షన్ హాలు మేనేజరు పుస్తకమని సిద్ధాంతం. తెలిసినవాళ్ళు పురోహితుణ్ణి ఒక్క ముహూర్తం అడగరు. రెండు మూడు రాయించుకుని, ముందు హాలు ఖాళీ ఉందేమో చూసి, ఆపైన ఒకటి ఖాయం చేసుకుంటారు. శాస్త్రానికి లోపం లేదు, అడ్వాన్సుకూ లోపం లేదు.

హాలు అద్దె అంటే అద్దె ఒక్కటే అనుకోవడం అమాయకత్వం. కరెంటు మీటరు లెక్క, జనరేటరు డీజిలు, శుభ్రం చేసినందుకు వేరే రుసుము, బయటి వంటవాళ్ళను రానిస్తారా లేదా, సాయంత్రం ఎన్నింటికి తాళం ఇచ్చి మర్నాడు ఎన్నింటికి వెళ్ళగొడతారు, ఇవన్నీ రశీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంటాయి. అసలు మూలగ్రంథం అదే, కళ్ళజోడు పెట్టుకుని చదవాలి.

"మిగతావన్నీ" దగ్గర వ్యాఖ్యాతలు అలిసిపోతారు. మధుపర్కాలు, బాసికాలు, అడ్డుతెర, మెట్టెలు, పుట్టింటి సూత్రం, అత్తింటి సూత్రం, పూలజడ, శుభలేఖలు, దిగడానికి గదులు, బస్సు... ఈ పట్టీ రాయడం మొదలుపెడితే తాళపత్రాలు చాలవు. కానీ ఇందులో సగానికి పైగా ఒక్క ప్రశ్నకు పుట్టిన పిల్లలే: ఎంతమంది?

దీనికి ప్రతి ఇంట్లోనూ వినపడే జవాబు, "ఒక మూడువందలమంది ఉంటారేమో." అంకె ముందు "ఒక" చేరిందంటే ఎవరూ లెక్కపెట్టలేదని గుర్తు. "ఏమో" కూడా చేరితే ఐదువందలకు సిద్ధపడాలి. హాలు సైజు, శుభలేఖల సంఖ్య, ప్లేటు లెక్కన కేటరింగు బిల్లు, అన్నీ ఈ అంకె చుట్టూ తిరిగేవే. ఇది తేలకుండా కుర్చీల కవర్ల రంగు గురించి చర్చించే ఇళ్ళున్నాయి. నోటుపుస్తకంలో ఇంటిపేరు వారీగా, ఇంటికి ఎంతమంది అన్నది రాయాలి. అదీ పూటల వారీగా. మన ముహూర్తాలు చాలా వరకు అర్ధరాత్రి దాటాక, నిమిషాలతో సహా పడతాయి గదా. తొమ్మిదింటికి భోంచేసి, అక్షింతలు వేసి వెళ్ళిపోయేవాళ్ళు ఒక లెక్క, జీలకర్ర-బెల్లం వేళకు కళ్ళు నులుముకుంటూ కూర్చునేవాళ్ళు ఇంకో లెక్క, మర్నాడు పొద్దున టిఫిను దగ్గర తేలేవాళ్ళు మరొకటి. అందరినీ కలిపి ఒకే అంకె చెబితే రాత్రి అన్నం చాలదు, పొద్దున ఇడ్లీ మిగులుతుంది.

ఇక్కడ శంక: శుభలేఖ వాట్సాప్‌లో పంపితే పిలిచినట్టేనా? సమాధానం: స్నేహితులకు పిలిచినట్టే. మేనత్తకు కాదు. ఆవిడకు ఇంటికి వెళ్ళి, బొట్టు పెట్టి, కార్డు చేతికివ్వాలి. మధ్యరకం బంధువులకు ఫొటో పంపి ఫోను చేస్తే సరి, ఫోను చెయ్యకపోతే అది ప్రకటన అవుతుంది గానీ పిలుపు కాదు.

"మెల్లిగా" అనేది అవ్యయం, వ్యయం మాత్రం దీనివల్లే పెరుగుతుంది. మగ్గం వర్కు జాకెట్టుకు వారాలు పడుతుంది. అమెరికా నుంచి వచ్చే పెళ్ళికొడుకు సెలవు మెల్లిగా దొరకదు. తెలంగాణ ప్రతుల్లో "నిమ్మలంగ జూస్కుందాం తియ్" అని పాఠాంతరం ఉంది. వినడానికి ఇంకా హాయిగా ఉంటుంది, ఫలితంలో భేదం లేదు.

"చూసుకుందాం" అన్న క్రియకు కర్త "మనం". అంటే ఎవరూ కారు. అందువల్ల పూలదండలు రెండు చోట్ల నుంచి వస్తాయి, కర్పూరం ఏ చోటి నుంచీ రాదు. ఒక్కో పనికి ఒక్కో మనిషి పేరు రాయాలి. డబ్బు లెక్క మాత్రం పొదుపరి పిన్నికి అప్పగించాలి గానీ, ఉదారుడని పేరున్న బాబాయికి కాదు.

అలంకారం స్వభావోక్తి. పెళ్ళివారి స్వభావం ఉన్నదున్నట్టు చెప్పబడింది గనుక.

విశేషాంశం: మన పెళ్ళిళ్ళలో పురోహితుడి సామాన్ల పట్టీ ఉంటుంది, కిరాణా పట్టీ ఉంటుంది, చదివింపుల పుస్తకమూ ఉంటుంది. చట్టం అడిగిన పట్టీ ఒక్కటే ఉండదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. దాని కింద 1985లో చేసిన నియమాల ప్రకారం వధువుకూ వరుడికీ వచ్చిన కానుకలకు వేర్వేరు జాబితాలు రాయాలి: వస్తువు ఏమిటి, విలువ సుమారుగా ఎంత, ఇచ్చినవారెవరు, ఏమి వరస. ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. ఆమె జాబితా ఆమె దగ్గరే ఉండాలి. 2002 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం పెళ్ళి నమోదూ తప్పనిసరే. కనుక పెళ్ళి పనులు మొదలుపెట్టిన పెద్దలారా, నోటుపుస్తకం కొన్నరోజునే వెనకవైపు రెండు పేజీలు ఆ జాబితాలకు వదిలిపెట్టండి. ఆ పని మాత్రం "చూసుకుందాం లెండి" అనకండి.