ఆషాఢం స్కాలర్‌షిప్పులు

సికింద్రాబాద్‌లో స్కాలర్‌షిప్ అనే మాటకు రెండు అర్థాలు చలామణిలో ఉన్నాయి. ఒకటి నిఘంటువు అర్థం: చదువుకునేవాడికి ఎవరో డబ్బివ్వడం. రెండోది ఎస్.డి. రోడ్డు అర్థం: చదువుకునేవాడు కట్టబోయే డబ్బులో కొంత వదిలేయడం. ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ వైపు నడుస్తూ తలెత్తి చూస్తే ఫ్లెక్సీల మీద కనబడేది ఈ రెండో అర్థమే. '100 శాతం వరకూ స్కాలర్‌షిప్' అని రాసిన చోట 100 అన్న అంకె మనిషెత్తు ఉంటుంది, 'వరకూ' అన్నది చీమ తలకాయంత. సున్నా కూడా వందలోపుదే కనుక బోర్డు అబద్ధమాడిందనడానికి వీల్లేదు. తెలుగు వ్యాకరణంలో ఒక చిన్న ప్రత్యయం ఇంత వ్యాపారాన్ని మోయడం ఇంకెక్కడా కనిపించదు.

రెండో అర్థం పుట్టుక తెలియాలంటే జనరల్ బజార్ దాకా వెళ్లాలి. ఆషాఢంలో పట్టుచీర మీద ముందు ధర చీటీ మారుతుంది, తర్వాత ఆ చీటీ మీద అడ్డగీత పడుతుంది. పెళ్లిళ్లు లేని నెలలో బట్టల కొట్లు చేసే ఈ పనిని బ్రిటన్‌లోని చాలా విశ్వవిద్యాలయాలు పన్నెండు నెలలూ చేస్తాయి. ఫీజు 18,000 పౌండ్లనుకుంటే, అడ్మిషన్ ఉత్తరంతో పాటే ఇంకో ఉత్తరం వస్తుంది: ప్రతిభకు గుర్తింపుగా 3,000 పౌండ్ల ఇంటర్నేషనల్ ఎక్సలెన్స్ అవార్డు. సీటొచ్చిన ప్రతివాడికీ ఆ ప్రతిభ ఉంటుంది. సాయంత్రానికల్లా ఆ ఉత్తరం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. 'మావాడికి లండన్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది' అన్న వాక్యం కింద బాబాయిలు, పిన్నులు, మేనమామలు వరసగా దండాలు, పూలగుత్తులు పెడతారు. మిగిలిన 15,000 పౌండ్ల కోసం మేడ్చల్ దగ్గరి ప్లాటు కాగితాలు బ్యాంకువాళ్ల చేతికి వెళ్తాయి. ఆ సంగతి మాత్రం గ్రూపులో పెట్టరు.

ఈ వ్యవహారమంతా నడిపే కన్సల్టెన్సీ విద్యార్థి దగ్గర పైసా తీసుకోదు. గోడ మీద 'ఫ్రీ సర్వీస్' అని రాసి ఉంటుంది, అదీ నిజమే. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడాల్లోని విశ్వవిద్యాలయాలు తమకు విద్యార్థిని తెచ్చిపెట్టిన ఏజెంటుకు మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం కమీషనిస్తాయి. లెక్క సూటిగా ఉంటుంది: విద్యార్థి ఎంత ఎక్కువ కడితే ఏజెంటుకు అంత ఎక్కువ. విద్యార్థి ఏమీ కట్టకపోతే, అంటే నిఘంటువు అర్థంలో స్కాలర్‌షిప్ వస్తే, ఏజెంటుకు వచ్చేది సున్నాలో కొంత శాతం. కాబట్టి పూర్తి ఖర్చు భరించే ఫెలోషిప్ గురించి కన్సల్టెన్సీని అడగడమంటే పెళ్లిళ్ల పేరయ్యను సన్యాసం గురించి అడగడమే. ఆయన చెడ్డవాడు కాదు. ఆ శాఖ ఆయనది కాదు, అంతే.

కమీషన్ పద్ధతికి విశ్వవిద్యాలయం కూడా తప్పనిసరి కాదని అమెరికా ప్రభుత్వమే ప్రయోగం చేసి నిరూపించింది. మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయమని ఒకటి ఉండేది. పేరుంది, వెబ్‌సైటుంది, ముద్ర ఉంది. అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. ఇమిగ్రేషన్ అధికారులే వేషాలు వేసుకుని దాన్ని నడిపారు. ఆరువందల మంది దాకా చేరారు, వారిలో తెలుగువాళ్లే ఎక్కువ. 2019 జనవరి చివర్లో తెర తీసినప్పుడు విద్యార్థులతో పాటు వారిని చేర్పించిన ఎనిమిది మంది ఏజెంట్లూ పట్టుబడ్డారు. లేని బడికి పిల్లల్ని చేర్చినందుకు వాళ్లు కమీషన్లు తీసుకున్నారు. ఉన్న బడులు ఇచ్చే కమీషన్లు సమయానికి అందడం లేదని ఈ రంగంలో ఎప్పుడూ వినబడే ఫిర్యాదు.

కన్సల్టెన్సీలో కూర్చున్న విద్యార్థిని కౌన్సెలర్ నాలుగు ప్రశ్నలడుగుతారు. పర్సంటేజీ ఎంత, బ్యాక్‌లాగ్స్ ఎన్ని, ఐఈఎల్‌టీఎస్ రాశారా, ఫండ్స్ ఎంత చూపిస్తారు. చివరి ప్రశ్న నాన్నగారి వైపు తిరిగి అడుగుతారు. ఏం చదవాలనుంది, ఎందుకు అన్నది ఈ జాబితాలో ఉండదు. ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు మొదట అడిగేది అదొక్కటే.

ఎస్.డి. రోడ్డు అంటే సరోజినీ దేవి రోడ్డు. పొడి అక్షరాలు ఇంటిపేర్లను మింగేసినట్టు ఈ రోడ్డు పేరునూ మింగాయి గానీ, ఫ్లెక్సీలు కట్టేవాళ్లకు ఆ పేరు ఎంతో పనికొచ్చేది. తర్వాత సరోజినీ నాయుడుగా పేరొందిన ఆ అమ్మాయి 1895లో, పదహారేళ్ల వయసులో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇచ్చిన వేతనంతో ఇంగ్లాండు వెళ్లింది. నిఘంటువు అర్థంలో స్కాలర్‌షిప్ అంటే అది. నేటి కౌన్సెలర్ ముందు ఆ దరఖాస్తు పెడితే ఫైలు మూసేస్తారు. ప్రొఫైల్‌లో ఉన్నది కవిత్వం. వెళ్లడానికి కారణం, అప్పట్లో జనం చెప్పుకున్నదాన్ని బట్టి, గోవిందరాజులు నాయుడి మీది ప్రేమ నుంచి అమ్మాయిని కొన్నాళ్లు దూరంగా ఉంచడం. లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జి గర్టన్‌లో చదివి, డిగ్రీ లేకుండానే 1898లో తిరిగొచ్చి, ఆ గోవిందరాజులు నాయుడినే పెళ్లాడింది. కోర్సు పూర్తి కాలేదు, చదువయ్యాక అక్కడే ఆగే స్టే బ్యాక్ తీసుకోలేదు, శాశ్వత నివాసమనే పీఆర్ సంగతే లేదు. ఆమె మీద పెట్టిన డబ్బు వృథా అయిందని తేల్చే కన్సల్టెన్సీలు అదే రోడ్డు మీద ఉండవచ్చు.

అచ్చమైన ఫెలోషిప్పులు రహస్యమేమీ కావు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ, చీవ్‌నింగ్, కామన్వెల్త్, డాడ్, ఎరాస్మస్ ముండస్, గేట్స్ కేంబ్రిడ్జి, ఇన్‌లాక్స్ ఏటా బాహాటంగా ప్రకటనలిస్తాయి. అడ్డంకి వేరే చోట ఉంది. ఫుల్‌బ్రైట్ మాస్టర్స్‌కు కనీసం మూడేళ్ల ఉద్యోగానుభవం కావాలి. చీవ్‌నింగ్‌కు 2,800 గంటల పని. ఫైనలియర్ పరీక్ష రాసిన మర్నాడే సూట్‌కేసు కొనే ఊళ్లో ఇది వినడానికే అమంగళం. ఇన్‌లాక్స్ లక్ష డాలర్ల దాకా ఇస్తుంది గానీ ఇంజనీరింగ్‌కు, కంప్యూటర్ సైన్స్‌కు, బిజినెస్‌కు ఇవ్వదు. ఆ మూడూ తీసేస్తే జంటనగరాల్లో దరఖాస్తుదారులు మిగలరు. 1892 నుంచి ఉన్న జె.ఎన్. టాటా ఎండోమెంట్ పేరు ఇంటింటా తెలుసు, కానీ అది లోన్ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి. ఈ నిజం తెలిసిన రోజున చాలా ఇళ్లలో టాటాల మీద ఉన్న గౌరవం కొద్దిగా సడలుతుంది.

వీటన్నిటినీ మించిన పిడుగు ఇంకొకటి ఉంది. ఫుల్‌బ్రైట్ గానీ చీవ్‌నింగ్ గానీ తీసుకున్నవాళ్లు చదువయ్యాక స్వదేశానికి వచ్చి రెండేళ్లుండాలి. ఈ షరతు వినగానే అప్పటిదాకా ఉత్సాహంగా ఉన్న తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. డబ్బంతా వాళ్లే పెట్టుకుని, చదివించి, పిల్లాణ్ని మళ్లీ ఇంటికే పంపిస్తారంటే ఇక లాభమేమిటన్నది ప్రశ్న. చిలుకూరు బాలాజీకి కోరికకు పదకొండు, తీరాక నూటఎనిమిది ప్రదక్షిణలు. ఆయన్ను వీసా బాలాజీ అంటారు. ఫెలోషిప్ బాలాజీ అని ఎవరూ అనకపోవడానికి కారణం ఆ రెండేళ్ల షరతే కావచ్చు.

దరఖాస్తు దాకా వెళ్లినవాళ్లకు ఎదురయ్యేది ఎస్‌ఓపీ, అంటే ఏం చదవాలనుందో, ఎందుకో చెప్పే వ్యాసం. దీన్ని రాయించడానికి ధర ఉంది, అర్జెంటైతే ఇంకో ధర. ప్రతి ఎస్‌ఓపీ బాల్యంతో మొదలవుతుంది. అందులో ఒక పాత రేడియో ఉంటుంది. అబ్బాయి దాన్ని విప్పుతాడు, లోపలి తీగలు చూసి అబ్బురపడతాడు, ఆ క్షణాన అతని జీవితధ్యేయం ఖరారవుతుంది. 2003లో పుట్టిన పిల్లాడి ఇంట్లో కూడా ఆ రేడియో సిద్ధంగా ఉంటుంది. ఇన్ని రేడియోలు విప్పిన ఊళ్లో బాగుచేసే మెకానిక్కులు ఎందుకు కరువయ్యారో తెలియదు.

దాని తర్వాతిది ఎల్‌ఓఆర్, అంటే సిఫారసు లేఖ. ఇంజనీరింగ్ కాలేజీ సంప్రదాయం ప్రకారం హెచ్‌ఓడీ గారు 'నువ్వే రాసుకురా, సంతకం పెడతాను' అంటారు. విద్యార్థి సారు గొంతు అరువు తెచ్చుకుని తనను తాను పొగుడుకుంటాడు. మూడు లేఖలూ అతనే రాస్తాడు కనుక ముగ్గురు ప్రొఫెసర్లకూ ఒకే విశేషణాలు, ఒకే అక్షరదోషాలు వస్తాయి. సిఫారసు చేసేవాడూ చేయించుకునేవాడూ ఒక్కడే కావడాన్ని వేదాంతంలో అద్వైతమంటారు. ఫెలోషిప్ కమిటీలు ద్వైతం పాటిస్తాయి. ఆ లేఖ రాసిన మనిషికి ఈ విద్యార్థి ఏ ప్రయోగంలో ఎక్కడ తప్పు చేశాడో, దాన్నెలా దిద్దుకున్నాడో తెలిసుండాలని ఆశిస్తాయి.

ప్రొఫైల్‌కు బరువు చాలకపోతే 'పేపర్ పబ్లికేషన్' ప్యాకేజీ ఉంటుంది. డబ్బు కడితే వ్యాసం అంతర్జాతీయ జర్నల్‌లో వస్తుంది. ఈ పరిశ్రమలో హైదరాబాద్ స్థానం చిన్నదేమీ కాదు. ఇక్కడి ఒమిక్స్ సంస్థ పాఠకులను, రచయితలను మోసగించిందని తేల్చి 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఫెలోషిప్ ఎంపికలో కూర్చునే ప్రొఫెసర్ ఆ కోవ జర్నల్ పేరు చూడగానే ఆగిపోతారు. డబ్బిచ్చి కొన్న బరువు ఫైలును కిందికే లాగుతుంది.

ప్రభుత్వ పథకాల తీరు వేరు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరున, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరున మూడు పథకాలున్నాయి. ఒక్కొక్కరికి 20 లక్షల వరకూ. ఇక్కడా ఆ 'వరకూ' ఉంది గానీ కనీసం మామూలు సైజులో ఉంది. తిరిగి కట్టే పని లేదు. తండ్రి కూలికి పోయే ఇంటి పిల్లలు కూడా విమానమెక్కగలిగారంటే వీటి చలవే, కనుక మిగతా వాటితో కలిపి వీటిని వెక్కిరించడం అన్యాయం. వెక్కిరించాల్సింది వాయిదాలను. మొదటి వాయిదా అక్కడ దిగినట్టు ఐ-94 లాంటి కాగితం చూపించాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. అక్కడి విశ్వవిద్యాలయం ఫీజు ముందే అడుగుతుంది, వీసా అధికారి డబ్బు అంతకంటే ముందే చూపించమంటాడు. ఏరు దాటినవాడికే పడవ ఇచ్చే ఈ పద్ధతిలో, ఏరు దాటించేది మళ్లీ వడ్డీ వ్యాపారే.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 125 మందికి, ప్రధానంగా దళిత విద్యార్థులకు. భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదవాలనుకునేవారికి ఇది వర్తించదని 2022లో నిబంధన పెట్టారు. కులం గురించిన సమాచారం స్వదేశంలోనే కావలసినంత దొరుకుతుందన్న లెక్క కాబోలు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

ఇక ఏ ఫ్లెక్సీ మీదా కనబడనిది పీహెచ్‌డీ. అమెరికాలో పరిశోధన విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ చేసి, పాఠాలు చెప్పించుకునో ప్రయోగశాలలో పనిచేయించుకునో నెలనెలా జీతంలాంటిది ఇస్తారు. ఫెలోషిప్ వెతుక్కునేవాడికి అన్నిటికంటే వెడల్పైన దారి ఇదే. ఇందులో కౌన్సెలర్‌కు కమీషన్ రాదు. అడిగితే 'ఐదేళ్లా అంకుల్? మాస్టర్స్ అయితే రెండేళ్లలో ఓపీటీ' అంటారు, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి. మాట వినని విద్యార్థి ఇంటికెళ్లి ఒకే ఉత్తరాన్ని రెండువందల మంది ప్రొఫెసర్లకు పంపుతాడు. 'మీ అమూల్యమైన పరిశోధన నన్ను అమితంగా ఆకర్షించింది' అని మొదలయ్యే ఆ ఉత్తరంలో పరిశోధన దేని గురించో ఉండదు, ఒక్కోసారి సంబోధనలో పక్క విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ పేరుంటుంది. జవాబు వచ్చే ఉత్తరం ఇంకో రకం: ఆ ప్రొఫెసర్ రాసిన ఒక్క వ్యాసం చదివి, అందులో తనకు అర్థం కాని చోటు ఒక్కటి పట్టుకుని అడిగేది. దానికి ఒక వారం పడుతుంది, ఎస్‌ఓపీ ప్యాకేజీలో ఆ వారం లేదు.

అమెరికా కాన్సులేట్ 2008లో వచ్చినప్పటి నుంచి 2023లో నానక్‌రామ్‌గూడకు తరలిపోయేదాకా బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. దాని ముందు తెల్లవారుజాము నుంచి ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ పిల్లలు పరిశోధన కోసం సముద్రాలు దాటబోతున్నామని వీసా అధికారికి చెప్పడం వల్లె వేసుకుంటుండేవారు. అదే బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఉంది. సైన్యంలో డాక్టరు ఉద్యోగం చేసుకుంటూ, 1897 ఆగస్టు 20న, దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కొద్ది వారాలకే రాజస్థాన్‌లోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. 1902లో నోబెల్ ఇచ్చారు. ప్రయోగానికి దోమల చేత కుట్టించుకోవడానికి హుసేన్ ఖాన్ అనే రోగి ఒప్పుకున్నాడు. దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. మధ్యలో ఏజెంటు లేడు కనుక అణాలన్నీ అతని చేతికే వచ్చాయి.