గోడ మీది పిల్లి

నేటి టోక్యోకు అప్పటి పేరు ఎడో. 1842లో అక్కడ ఒక ఉత్తర్వు వచ్చింది. కబుకి నాటకాల నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు ఇకపై అచ్చు వేయకూడదు. చెక్క అచ్చు బొమ్మలమ్మే అంగళ్లకు అన్నం పెట్టేవి అవే.

అయిదారేళ్లు గడిచాయి. చిత్రకారుడు కునియోషి కొత్త బొమ్మలు కొన్ని గీశాడు. గోదాము గోడ మీద ఆకతాయి పిల్లలు మేకుతో గీకినట్టు వంకరటింకర ముఖాలు. ఎవరి పేరూ లేదు. ఒకదాని నడుమ మాత్రం ఒక పిల్లి. తలమీద తుండుగుడ్డ కప్పుకుని వెనక కాళ్ల మీద చిందులేస్తోంది.

ఒకరోజు అంగడికి కచేరీ నుంచి ఓ సమురాయ్ వచ్చాడు. ఆ బొమ్మ చేతిలోకి తీసుకున్నాడు.

“ఏమిటిది?”

“పిల్లల పిచ్చిగీతలు దొరా. తనిఖీ ముద్ర కూడా పడింది.”

సమురాయ్ వేలు ఒక ముఖం మీద ఆగింది.

“ఈ ముక్కు నేనెరుగుదును. వీడు నటుడు.”

అంగడివాడు వంగి చూశాడు. “అలాగా దొరా! తమరు ఏ నాటకంలో చూశారు?”

సమురాయ్‌లు నాటకశాల గడప తొక్కకూడదు. ఆ కట్టడి 1842 కంటే చాలా పాతది.

అంగట్లో మరో నలుగురున్నారు. అందరూ చేతిలో ఉన్న బొమ్మలనే చూస్తున్నారు. ఎవరూ కాగితం తిప్పడం లేదు.

అంగడివాడు కుంచె సిరాలో ముంచాడు. “వాడి పేరు సెలవిస్తే రాసుకుంటాను. ఎవరు గుర్తుపట్టారో అదీ రాసుకుంటాను.”

సమురాయ్ మళ్లీ బొమ్మ చూశాడు. వేలు మెల్లగా ముక్కు దాటి, చెవి దాటి, బొమ్మ నడుమకు వచ్చింది.

“పిల్లి బాగా కుదిరింది.”

“అందరూ అదే అంటున్నారు దొరా.”

బొమ్మ ఖరీదు 16 మోన్లు. గిన్నెడు సోబా నూడుల్స్ వచ్చే డబ్బు. సమురాయ్ లెక్కపెట్టి ఇచ్చి, కాగితం చుట్టి పట్టుకెళ్లాడు.

సాయంత్రానికి కచేరీలో నివేదిక చేరింది. “గోడ మీద పిల్లి ఉంది. మనుషులెవరూ లేరు.” కింద బొమ్మ జతచేసి ఉంది.

పై అధికారి బొమ్మను దీపం దగ్గరికి జరిపి ఒక్కో ముఖమే చాలాసేపు చూశాడు. రెండుసార్లు నవ్వు ఆపుకున్నాడు.

ఆయనకీ పిల్లే కనబడింది.