బడ్జెట్ మాస్టారు

ప్రతి డిగ్రీ కాలేజీ స్టాఫ్ రూములోనూ ఒక బడ్జెట్ మాస్టారు ఉంటారు. పాఠం చెప్పేది కామర్సైనా బోటనీ అయినా, ఆయన అసలు వృత్తి పక్కవాళ్ల రీసెర్చి ప్రాజెక్టులకు లెక్కలు కట్టడం. సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టందే పెళ్లి జరగనట్టు, ఈయన చూడందే ఆ కాలేజీ నుంచి ఢిల్లీకి ఏ అప్లికేషనూ కదలదు.

మీ పరిశోధన దేనిమీదని ఆయన అడగరు. ‘ఎంతలో?’ అని అడుగుతారు. సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్ఎస్ఆర్ మైనర్ ప్రాజెక్టు, ఆరు లక్షలు అన్నామా, కళ్లు సగం మూసుకుని అప్పజెప్పేస్తారు. ‘స్టాఫుకి 45 శాతం దాటకూడదు, అంటే రెండు లక్షల డెబ్భై వేలు. ఫీల్డ్‌వర్కుకి 35 శాతం, రెండు లక్షల పది వేలు. పుస్తకాలు, ప్రింటరు వగైరాకి అరవై. కంటింజెన్సీకి ముప్పై, రిపోర్టు అచ్చుకి ముప్పై.’ కంటింజెన్సీ దగ్గర మాత్రం ఆయన గొంతు కాస్త మెత్తబడుతుంది.

చొక్కా జేబులో బస్సు టికెట్లు, సంచిలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ నమూనా, అదే జీఎఫ్ఆర్ 12-ఏ, ఎప్పుడూ ఉంటాయి. మిషను మీద వచ్చిన బిల్లు చేతిలో పడితే అదే రోజు జిరాక్సు తీయిస్తారు. ఆ కాగితం మీది అక్షరాలు ఆడిటరు వచ్చేలోగా ఆవిరైపోతాయని ఆయనకు తెలుసు. ఆ జిరాక్సుకీ బిల్లు అడుగుతారు. ఇంట్లోనూ ఇదే వరస. కూరగాయల డబ్బుతో వాళ్లావిడ పూలు కొన్నందుకు ‘హెడ్డు మార్చేముందు అనుమతి తీసుకోవాలి కదా’ అన్నారట. ఆ పూట ఆవిడ వంట హెడ్డే ఎత్తేశారు.

ఆమధ్య కొత్తగా చేరిన ఎకనామిక్స్ లెక్చరరు ఒకమ్మాయి ఉత్సాహంగా ప్రపోజలు పట్టుకొచ్చింది. ‘ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల రుణభారం’. శాంపిలు 1,500 కుటుంబాలు.

‘రోజుకి ఎన్ని ఇళ్లు తిరుగుతారమ్మా?’

‘పదన్నా అవుతాయి సార్.’

‘పగలు కౌలు రైతు ఇంట్లో ఉంటాడా? మిరప కోతలప్పుడైతే రాత్రి ఏడు దాటితేగానీ దొరకడు. దొరికినా అప్పు ఎంతుందని అడిగితే ముందు మంచినీళ్లిస్తాడుగానీ లెక్క చెప్పడు. నాలుగు రాసుకో.’

కాలిక్యులేటరు టకటకలాడింది. ‘1,500ని నాలుగుతో భాగిస్తే 375 రోజులు. మనది ఏడాది ప్రాజెక్టు. ఆ మిగతా పది రోజులూ ఏ హెడ్డులోంచి తెద్దాం?’

‘ఇద్దరిని పంపితే సార్?’

‘రోజులు సగమవుతాయి, డబ్బు సగమవదు. ఆ టైముకి ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. ఆటో, భోజనం, మండలంలో లాడ్జి కలిపి మనిషికి రోజుకి 1,400 వేసినా ఐదు లక్షల పాతిక వేలు. ఫీల్డుకి ఉన్నది రెండు లక్షల పది.’

అరగంటలో 1,500 ఇళ్లు 400 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పల్నాడు జిల్లా అయింది, ఆ జిల్లా కూడా రెండు మండలాలకు దిగింది. అమ్మాయి ముఖం చిన్నబోయిందిగానీ, ఎవరిని, ఎక్కడ, ఏ వేళప్పుడు కలవాలో మొదటిసారి తేలింది. ఆయన్ని చూసి నవ్వుకునే వాళ్లం మేమంతా ఇక్కడే బోల్తా పడతాం. పద్ధతి అనే పేజీలో ఎవరైనా ఎన్ని కోతలైనా కోయొచ్చు. ఆటో ఛార్జీ రాసేచోట కోతలు సాగవు. సాహిత్య సమీక్ష చేయని పని ఆయన మూడు కూడికల్లో చేస్తారు: నువ్వు నిజంగా ఆ ఊరు వెళ్తావా, లేదా?

ప్రాజెక్టు మంజూరైంది. అమ్మాయి మిఠాయి డబ్బాతో వచ్చి, నమూనా వాస్తవికంగా ఉందని కమిటీ మెచ్చుకుందని చెప్పింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మాస్టారు లడ్డూ చేతిలోకి తీసుకున్నారు, నోట్లో పెట్టుకోలేదు.

‘అది సరేనమ్మా. కాలేజీకి రావాల్సిన ఐదు శాతం ఓవర్‌హెడ్స్ పైన ఇచ్చారా, ఆరులోనే కలిపేశారా?’

పైనే ఇచ్చారంది. అప్పుడు తిన్నారు.