ధూమపథము: ఒక దుకాణసూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: “పాతది ఇప్పాలె, కొత్తది బిగించాలె, స్టార్ట్ చేసి చూస్కోవాలె. అంతే అన్నా.”

అవతారిక. పటాన్‌చెరు పారిశ్రామికవాడ పొంతనున్న యొక విడిభాగముల దుకాణమున, నాలుగు ఇనుప గొట్టములు పెనవేసికొని కడపట నొక్కటియైన హెడరను వస్తువును బల్లమీద పెట్టి, దానిని తన పికప్పునకు స్వహస్తముతో బిగించుకొనగోరి వచ్చిన పటేల్‌గూడ గృహస్థునితో దుకాణదారుడు పలికిన వాక్యమిది. సూత్రమునకు కావలసిన గుణములన్నియు నిందున్నవి: అక్షరములు కొలది, సందేహమునకు తావులేనట్లుండును, అర్థము మాత్రము వ్యాఖ్యాత లేనిదే లొంగదు. కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించి దేశమున సంస్కృతము చదువువారి కందరికిని గురువైన మల్లినాథసూరిది మెదకు సీమలోని కోల్చారము. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా వేరుపడువరకు పటేల్‌గూడయు ఆ మెదకు జిల్లాలోనిదే. అట్టివాని జిల్లాలో పుట్టి పెరిగియు, ఆయన దృష్టికి రాని పొగగొట్టమును వ్యాఖ్యానము లేక విడిచిపెట్టుట మాకు తగదు. భారవి కావ్యమునకు తాను వ్రాసిన వ్యాఖ్యకు సూరి ఘంటాపథమని పేరిడెను. ఈ వ్యాఖ్యకు ధూమపథమని పేరు. దీనియందును మ్రోతకు కొదువ లేదు.

అనుబంధములు. అధికారి యెవడనగా, సొంత పికప్పు, గచ్చు చేసిన ముంగిలి, ఒక యాదివారము, పది మొదలు పందొమ్మిది వరకు రింగు పానాలు, ఎదురింటివారితో సత్సంబంధము గలవాడు. వీనిలో కడపటిది లేనివాడు మిగిలిన నాలుగును ఉన్నను అనధికారియే.

విషయము: ఇంజను విడుచు పొగ పోవలసిన త్రోవ. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు సెకనుకు నూరు మారులు పొగ విడుచును. కంపెనీవారి పోతయినుప మానిఫోల్డునందు నాలుగు పొట్టి దారులును బయటపడగనే ఏకమగుటచేత, పెండ్లివారింట లేచిన బంతియు కూర్చుండబోవు బంతియు నొకే ద్వారమున తారసిల్లినట్లు, ఒక సిలిండరు పొగ మరియొకదాని పొగకు అడ్డుతగులును. హెడరునందు ఒక్కొక్క సిలిండరునకు వేరువేరుగా, పొడవుగా, ఇంచుమించు సమానముగా గొట్టముండుటవలన, ముందు వెడలిన పొగ వెనుక నేర్పడిన వెలితి తరువాతి పొగను తనవైపునకు ఈడ్చుకొనును. నాలుగు గొట్టములును ఒక్కచోటనే కలియవలెనని యొక సంప్రదాయము. 1-3-4-2 అను క్రమమున మండు ఇంజనులలో ఒకటవదానిని నాలుగవదానితోను రెండవదానిని మూడవదానితోను జతపరచి, పిదప ఆ రెంటిని ఒకటి చేయవలెనని మరియొక సంప్రదాయము. మొదటిమతము హెచ్చు చుట్లలో బలమునకు, రెండవమతము నడిమి చుట్లలో లాగుడునకు ప్రసిద్ధము. ఇస్నాపూరు కూడలిలో లారీల నడుమ మొదటి గేరున ప్రాకుచుండువానికి ఈ మతభేదముతో నిమిత్తము లేదు.

ఇచ్చట పూర్వపక్షి యిట్లు లేచును: మన ప్రాంతమున పికప్పనగా బొలెరోయే కదా, అది టర్బో గల డీజిలు బండి కదా, టర్బో మానిఫోల్డునకే తగిలియుండి ఆ పొగచేతనే తిరుగవలసినదై యుండగా, పొగను హాయిగా పంపివేయుటకై పుట్టిన హెడరునకు అచ్చట పనియేమి? ఈ యాక్షేపము సత్యము. బొలెరో విషయమున హెడరను మాటకు ముఖ్యార్థబాధ కలుగును గాన, గంగయందలి పల్లె యనగా గంగయొడ్డున నున్న పల్లె యని చెప్పుకొనునట్లు, టర్బో వెనుకనుండు గొట్టమని లక్షణచేత నిర్వహించుకొనవలెను. 2005లో బయలుదేరిన టాటా ఏసుకు టర్బో బాధ లేదు. కాని 702 సీసీ, రెండు సిలిండర్లు, పదునారు గుర్రముల బలము గల యా చిన్నదానికి హెడరు పెట్టుట బక్కవానికి భారీ కిరీటమే. ఈ విద్యకు పుట్టినిల్లైన అమెరికాలో పికప్పనగా తరచుగా ఎనిమిది సిలిండర్ల పెట్రోలు బండి, ఇంజనున కిరువైపుల రెండు హెడర్లు, పనిచేసికొనుటకు ఇంటికంటుకొని గరాజు. టెక్సాసున స్థిరపడిన మనపిల్లలు వీడియో కాలులో ఇవన్నియు చూపుచుండగా ఇచ్చటి తండ్రులకు చేతులు దురదపెట్టుట సహజము. కావున ఈ గ్రంథమున పికప్పనగా టర్బో లేని నాలుగు సిలిండర్ల పాత పెట్రోలు బండి యని గ్రహించునది.

ప్రయోజనము శక్తివృద్ధి యని దుకాణదారుని మతము. నాదమని సిద్ధాంతము. ఇంజనులో తక్కినవేవియు మార్చక హెడరు నొక్కదానినే మార్చినచో పెరుగు శక్తి యంత్రముపెట్టి కొలుచువానికి మాత్రమే తెలియును. పెరుగు చప్పుడు బీరంగూడ కమానువరకు తెలియును.

ప్రతిపదార్థము. “పాతది” యనగా బండితో వచ్చిన పోతయినుప మానిఫోల్డు. వానలకు తడిసి, ఎండలకు కాగి, బరువుతో పరుగెత్తునపుడు లోపల 800 డిగ్రీల వేడిపొగను మోసి, మరల చల్లబడి, ఇట్లు వేలమారులు సాగి ముడుచుకొనిన దానియందు నట్టును స్టడ్డును రెండని చెప్పుట వ్యవహారమాత్రమే; పరమార్థమున అవి అద్వైతము నొందియున్నవి.

“ఇప్పాలె”. సూత్రమునందలి ప్రాణమంతయు నీ పదముననే యున్నది. దుకాణదారుడు దీనిని ఒక్క ఊపిరిలో పలికెను. ఆచరించువానికి పగలు చాలదు. బండి చల్లారవలెను, బ్యాటరీ నెగటివు తీగ తీయవలెను, తరువాత బండి నెత్తవలెను. జాకీ యెత్తుటకే గాని మోయుటకు గాదు. క్రిందికి దూరువాడు స్టాండ్లు పెట్టియే దూరవలెను. కట్టుచున్న ఇండ్లకు కొదువలేని పటేల్‌గూడలో చేతికందునది సిమెంటు ఇటుక. అది బరువును మోయుచున్నట్లే యుండి, చెప్పక చేయక ఒక్కమారుగా పిండియగును. ఈ యొక్క విషయమున వ్యాఖ్యాతకు పరిహాసము లేదు.

ఇక నట్లు. ముందటి రాత్రియే ఒక్కొక్క నట్టు మొదట తుప్పువిడుచు నూనె పోసి నానవేయవలెను. మరునాడు పానా పెట్టి మొదట విప్పువైపునకు గాక బిగింపువైపునకు వెండ్రుకవాసి త్రిప్పి, తుప్పుపొర చిట్లిన పిదప వెనుకకు త్రిప్పుట పెద్దల మార్గము. పానా పట్టినచేతికి మూడు భాషలు తెలియవలెను. నట్టు కిర్రుమనుచు, ఆగియాగి, ఎఱ్ఱనిపొడి రాల్చుచు తిరిగినచో విడివడుచున్నది. టక్కుమన్నచో పగిలినది తుప్పో స్టడ్డో చూచిన గాని తెలియదు. చప్పుడేమియు లేక, పచ్చికొమ్మను మెలిపెట్టినట్లు మెత్తగా లొంగినచో సంతోషింపరాదు. స్టడ్డు లోలోపల మెలితిరుగుచున్నది, ఇంకొక పావుచుట్టులో విరుగును. నూతనాధికారులు నూటికి నూరుపాళ్లును సంతోషించుట ఇచ్చటనే.

రామచంద్రాపురపు భెల్ కర్మాగారమున ఆవిరి టర్బైనులు బిగించి పదవీవిరమణ చేసిన పెద్దలు ఈ చుట్టుప్రక్కల కాలనీలలో పెక్కుమంది గలరు. పానా చప్పుడు విన్నంతనే గోడ ప్రక్కకు వచ్చి నిలిచి, చాయ త్రాగుచు, వారు చెప్పు వార్తికమును ఈ సూత్రముతో కూర్చి చదువవలెను. “బిడ్డా, గుంజకు. గుంజితే విరుగుతది. ఇంత నూనె పోసి పొయ్యి బువ్వ తిను, వచ్చినంక చూద్దాం” అని పెద్దాయన. “గిప్పటికే రెండుసార్లు పోసిన కాకా” అని గృహస్థు. “మూడోసారి పోయి.” ఈ వార్తికమునకు టీక యక్కరలేదు. స్టడ్డు విరుగనే విరిగినచో, మిగిలిన మొండెమునకు నట్టు నానించి వెల్డింగు చేయించి, ఆ వేడిలోనే త్రిప్పి తీయవలెను. అల్యూమినియపు హెడ్డైనచో వెల్డింగువాడు నెమ్మదిపరుడై యుండవలెను. మొండెము లోపలికే విరిగినచో, దానిని తొలిచి క్రొత్త మర చేయించుటకు ఈ పారిశ్రామికవాడలో లేతులకు కరవులేదు. ఇంటిపని యనుకొన్నది అచ్చటినుండి ఇంటిపని కాదు.

“కొత్తది”. అంచు వంకరలేకుండ చదునుగా నున్నదో లేదో ఉక్కు బద్దతో చూచుకొనవలెను, ఆక్సిజను సెన్సారునకు మరరంధ్రమున్నదో లేదో చూచుకొనవలెను; ఇంతే.

విశేషము. పాత మానిఫోల్డునకే కాటలిటిక్ కన్వర్టరు కూడియున్న బండ్లలో, పాతది తీయుటయనగా విషవాయువులను విరిచివేయు నా తేనెపట్టు గదిని తీయుటయే యగును. అట్టి బండికి కాలుష్యపు ధ్రువపత్రము కష్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, కంపెనీ నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రమున కెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనును. రిజిస్ట్రేషను పత్రమున హెడరునకు గడి లేదు గదా యని పూర్వపక్షి. శబ్దధూమముల ప్రమాణములను మీరినవానికి 190వ సెక్షను వేరుగా నున్నదని సిద్ధాంతి. 2019 సవరణచే మార్చబడిన 182-ఏ యందు, యజమాని అక్రమముగా చేసిన మార్పు ఒక్కింటికి 5,000 రూపాయలు జరిమానా, లేక ఆరు నెలలవరకు కారాగారము, లేక రెండునని యున్నది. ఇందు హెడరు ఒక మార్పా, గొట్టములు నాలుగు గాన నాలుగు మార్పులా యను శంకను తార్కికులు తీర్పవలసినదే గాని, రోడ్డుమీద నిలిచిన కానిస్టేబులు నడుగరాదు.

“బిగించాలె”. పాత ప్యాకింగును మరల వాడుట లోభము. హెడ్డు మొగమున అంటుకొనిన పాతముక్కలను గీకి, గుడ్డతో తుడిచి, క్రొత్త ప్యాకింగు పెట్టి, నట్లన్నిటిని మొదట వ్రేళ్లతోనే ఎక్కించి, పిదప నడిమినుండి అంచులకు, రెండు మూడు విడతలుగా బిగింపవలెను. ఒకమూల నొక్కదానిని ముందే బిగదీసినచో అంచు లేచి, ఆ సందున పొగ కారును. బలముకొలది బిగించువారు, కంపెనీ చెప్పిన కొలతకు టార్కు పానాతో బిగించువారు అని సాధకులు ద్వివిధులు. మొదటివారు “ఇప్పాలె” యను పదమునకు మరల రావలసియుండును.

“స్టార్ట్ చేసి చూస్కోవాలె”. ముంగిట బయలుననే స్టార్టు చేయవలెను. మూసిన షెడ్డులో వలదు, కార్బను మోనాక్సైడునకు రంగును వాసనయు లేవు. మొదట కొంతసేపు గొట్టములనుండి తెల్లని పొగ వచ్చును. అది చేతి జిడ్డు, తయారీ నూనె మాడుట, భయపడరాదు. స్టెయిన్‌లెస్ గొట్టమైనచో కాగినకొలది గడ్డిరంగు, ఊదా, నీలి రంగులను వరుసగా తాల్చును. దీనిని చూచుటకై ఇరుగుపొరుగు పిల్లలు చేరుదురు. చెవియొగ్గి వినగా టిక్కు టిక్కను చప్పుడున్నచో ఎచ్చటనో ప్యాకింగు సందున పొగ కారుచున్నది. ఇంజను వేడెక్కి లోహము సాగినపుడు ఆ చప్పుడు తగ్గును గాన, చల్లని ఇంజనుననే వినవలెను. కొందరు ఈ పరీక్షను అమీనుపూరు చెరువు గట్టువరకు సాగింతురు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటింపబడిన యా చెరువున పక్షులకు హెడరు నాదమునం దభిరుచి యున్నట్లు కనబడదు.

“అంతే”. అవధారణార్థకము. ఇచ్చట మాత్రము పాదపూరణము.

అధ్యాహారము. సూత్రమున లేని క్రియ నొకదానిని చేర్చుకొననిదే వాక్యము పూర్తికాదు. క్రొత్త ప్యాకింగు కొన్ని మారులు కాగి చల్లారిన పిదప కొంచెము నలిగి కూర్చుండును. నట్లు ఆ మేరకు వదులగును. అందుచేత నాలుగైదు దినములు నడపి, ఇంజను పూర్తిగా చల్లారిన ప్రాతఃకాలమున, సీటెత్తియో బానెటెత్తియో, వేడిరేకు విప్పి, నట్లన్నిటిని మరియొకమారు అదే వరుసన పట్టిచూడవలెను. దీనిని మూలకారుడేల చెప్పలేదని యడుగ పటాన్‌చెరు వెళ్లినవానికి, ఆతడు గల్లా పెట్టెనుండి తలయెత్తక, “గది అందరికీ తెలిసిందే కదన్నా” అనును.